జేజి గొంతు కారులో వినాలంటే

అనంతపురం

నాయనా,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. షాపులో పని మీద ఉన్నాను, పైగా ఇది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చొని రాస్తున్నాను. బెంగళూరులో నువ్వు సెకండ్ హ్యాండులో కారు కొన్నావని మీ నాయన చెప్పినప్పుడే సంతోషపడ్డాను. దాంట్లో కంపెనీ బిగించిన పాటల డెక్కుకు జేజి పాటలున్న ఆ చిన్న ప్లేయరును తగిలించి, శ్రావణంలో కసాపురం ఆంజనేయస్వామి గుడికి పోయేటప్పుడు మీ నాయనకు వినిపించాలనుకున్నావు చూడు, ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆమె నాకు అమ్మ. ఆ చెక్కభజన పాటలు నేనూ విని ఎన్నేళ్ళయిందో.

కారు సంగతి తర్వాత. ముందు నువ్వు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఆ ప్లేయరులో ఉన్నదంతా ఈ రోజే కంప్యూటరులోకి కాపీ చెయ్యి. ఒకచోట కాదు, రెండుచోట్ల. ఒకటి నీ కంప్యూటరులో, ఒకటి పెన్ డ్రైవులో వేసి మీ అమ్మ బీరువాలో. పాత ప్లేయర్ల మెమరీ ఎప్పుడు పోతుందో చెప్పలేం. డెక్కు చదువుతుండగా వైరు లాగితే ఫైళ్ళు చెడిపోవడం నా కళ్ళతో చూసినాను. సినిమా పాటలు పోతే మళ్ళీ తెచ్చుకుంటాం, అమ్మ గొంతును యాడి నుంచి తెస్తాం? కాపీ అయినాక ఒక్కొక్కటీ తెరిచి చివరిదాకా విను. అంతా సరిగ్గా వచ్చిందని తేలేదాకా కారు దగ్గరికి పోవద్దు.

ఇంక కారు. దుకాణానికి పోయి ఏమీ కొనవద్దు. ముందు డెక్కును, దాని చుట్టుపక్కల చోటును బాగా చూడు. డెక్కు ముఖం మీద, గేరు ముందున్న గుంటలో, గ్లవ్ బాక్సులో, చేతులానించే పెట్టె లోపల, యాడైనా 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉందేమో చూడు, ఉంటే పక్కన ఆక్స్ అని రాసి ఉంటుంది. బయటి ప్లేయరు పాటను వైరుతో డెక్కులోకి పంపే దారి అది. కొన్ని కార్లలో దాని మీద చిన్న రబ్బరు మూత ఉండి కనపడదు. కారుతో వచ్చిన పుస్తకం ఉంటే ఆడియో పేజీలు చదువు. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో మొదలైన కొత్త కార్లలో పెద్ద తెర ఉంటుంది, ఫోను తగిలిస్తే అదే చూసుకుంటుంది. నీది 2010 నాటి బండి అన్నావు. ఆ కాలపు డెక్కులు ఒక్కోటి ఒక్కో రకం. కొన్నింట్లో అన్నీ ఉంటాయి, కొన్నింట్లో రేడియో, సీడీ తప్ప ఏమీ ఉండదు.

ఆక్స్ రంధ్రం ఉంటే ఇంక వెతకవద్దు, నీకు అదే మంచిది. పెన్ డ్రైవు పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. కానీ ఆ ప్లేయరు మీ నాయన చేతిలోనే ఉండాలి. రోజూ రాత్రి దిండు కింద పెట్టుకొని వింటాడు. చీకట్లో కూడా ఏ బటను ఏదో ఆయనకు తెలుసు. ఆ చేతికి అలవాటైన వస్తువును తీసేసి డెక్కు బటన్లు నొక్కమనడం నాకు ఇష్టం లేదు.

వైరు ఎప్పుడైనా కొనాల్సి వస్తే పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టు. రెండు గీతలున్నది తీసుకో. మూడు గీతలున్నది మైకు ఉన్న ఫోన్ల కోసం చేసింది, కొన్ని రంధ్రాల్లో సరిగ్గా ఆనదు. రెండు గీతల పిన్నులో కొన ఎడమ స్పీకరుది, నడిమి భాగం కుడి స్పీకరుది, వెనక పొడుగు భాగం రెండింటికీ కలిపి ఎర్త్. ఈ ఎర్త్ సంగతి నీకు గట్టిగా చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒకాయన నా షాపుకు వచ్చి, "ఏమప్పా, నా బండిలో తబలా, వయొలిన్ వినపడతాయి, పాడేవాళ్ళు మాత్రం యాడికో పోయినారు" అన్నాడు. డెక్కు చెడిపోయిందని ఇంకోచోట చెప్పి, కొత్తది వేయించుకోమన్నారంట. నేను వైరు మార్చినాను, అంతే, పాడేవాళ్ళు తిరిగొచ్చినారు. పిన్ను దగ్గర వైరు మడతపడి ఎర్త్ తెగిపోయింది. ఎర్త్ తెగితే రెండు పక్కల శబ్దాల మధ్య ఉండే తేడా మాత్రమే స్పీకర్లకు పోతుంది. పాడేవాళ్ళ గొంతు సాధారణంగా రెండు పక్కలా సమానంగా ఉంటుంది కాబట్టి అది కొట్టుకుపోతుంది. పక్కకు సర్దిన వాయిద్యాలు మిగులుతాయి.

జేజి పాటలు ఒకే మైకుతో రికార్డు చేసినవి. అంటే ఆ రికార్డింగు మొత్తం రెండు పక్కలా ఒకటే. ఆ వైరుతో ఆమె పాట పెడితే దాదాపు ఏమీ వినపడదు. నువ్వు ప్లేయరు పోయిందనుకుంటావు, మీ నాయన గుండె జారిపోతుంది. అందుకే చెప్తున్నాను, గొంతు రాకపోతే భయపడవద్దు, వైరును అనుమానించు. ముందు ఇంకో మంచి వైరు పెట్టి చూడు. పిన్ను సగమే దిగినా ఇదే జరుగుతుంది, టక్కున శబ్దం వచ్చేదాకా నొక్కు.

తగిలించినాక ప్లేయరు శబ్దాన్ని ముప్పావు దాకా పెట్టు, మిగతాది డెక్కులో పెంచుకో. ప్లేయరును పూర్తిగా పెంచితే గొంతు గరగరమంటుంది. బాగా తగ్గించి డెక్కును పెంచితే వెనకాల బుస్సుమనే శబ్దం పెరుగుతుంది. ప్లేయరులో ఈక్వలైజరు, బాస్ బూస్టు ఉంటే తీసెయ్యి, అమ్మ గొంతుకు అవేమీ అక్కర్లేదు. ఆక్స్ నుంచి రేడియోకు మార్చే ముందు డెక్కు శబ్దం తగ్గించు. లేకపోతే రేడియో ఒక్కసారిగా అరుస్తుంది, పక్కన కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడతాడు.

డెక్కులో యూఎస్‌బీ ఉంటే ఆ కాపీలను పెన్ డ్రైవులో కూడా వేసి పెట్టుకో, అది నీ కోసం. 32 జీబీ లోపుది తీసుకొని ఫ్యాట్32 ఫార్మాట్ చెయ్యి, పాత డెక్కులు చాలావరకు మిగతా ఫార్మాట్లను చదవవు. పాత రికార్డర్ల ఫైళ్ళు ఏఎంఆర్ లాంటి రకంలో ఉంటే డెక్కు గుర్తుపట్టదు, ఎంపీ3కి మార్చుకో. అసలువి మాత్రం అట్లే ఉంచు. ఇంకో చిన్న సంగతి: చాలా డెక్కులు పాటలను పేరు చూసి కాదు, నువ్వు కాపీ చేసిన వరసలో పాడతాయి. భజన వరస తప్పితే బాగుండదు, అందుకని పేర్ల ముందు 01, 02 అని వేసి ఒక్కొక్కటే ఆ వరసలో కాపీ చెయ్యి. ప్లేయరునే యూఎస్‌బీకి తగిలించాలనుకుంటే దాని సెట్టింగుల్లో ఎంటీపీ అని ఉన్నదాన్ని ఎంఎస్‌సీగా మార్చాల్సి రావచ్చు, అప్పుడు డెక్కు దాన్ని పెన్ డ్రైవులాగా చూస్తుంది. బ్లూటూతు గురించి ఒక్క మాట: ఆ కాలపు కొన్ని డెక్కుల్లో అది ఫోను మాటలకే పనికొస్తుంది, పాటలకు కాదు. అదీ కాక ఆ ప్లేయరులో బ్లూటూతే లేదు.

ఆక్స్ లేదు, యూఎస్‌బీ లేదు అనుకో. క్యాసెట్ డెక్కు అయితే, క్యాసెట్టు ఆకారంలో వైరు ఉన్న అడాప్టరు దొరుకుతుంది. దాని లోపలి చిన్న హెడ్డు డెక్కు హెడ్డుకు ఎదురుగా నిలబడి శబ్దాన్ని అందిస్తుంది. గొంతు బాగానే వస్తుంది. సీడీ డెక్కు అయితే ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు మిగులుతుంది. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యలో ఖాళీ చోటు చూసుకొని దాన్నీ రేడియోనూ అక్కడే పెట్టాలి. నువ్వు వచ్చే దారిలో దాంతో ఇబ్బంది ఉంది. బెంగళూరులో స్టేషన్లు కిక్కిరిసి ఉంటాయి, ఖాళీ దొరకడం కష్టం. చిక్కబళ్ళాపురం దాటినాక చోటు విశాలమవుతుంది. అనంతపురం దగ్గరికి వచ్చేసరికి మన ఆకాశవాణి 101.7 మీద గట్టిగా వస్తుంది, దానికి అటూ ఇటూ అర మెగాహెర్ట్జ్ దూరం వదిలెయ్యి. బండి నడుపుతూ స్టేషన్లు మార్చవద్దు. ఎక్కడైనా ఆపి మార్చుకో.

ఇంక అందరూ నా దగ్గరికి తెచ్చే గోల ఒకటుంది. ప్లేయరును ఆక్స్‌కు తగిలించి, అదే సమయంలో సిగరెట్ లైటరు సాకెట్లో చార్జింగ్ పెడతారు. ఇంజను వేగం పెరిగేకొద్దీ కీచుమని సన్నగా పెరిగే శబ్దం వస్తుంది. స్పీకర్లు మార్చుకున్నవాళ్ళు ఉన్నారు, డైనమో విప్పించుకున్నవాళ్ళు ఉన్నారు. జరిగేది ఏమిటంటే, ప్లేయరుకు రెండు దారుల్లో ఎర్త్ అందుతుంది. ఒకటి చార్జరు వైరు నుంచి, ఇంకొకటి ఆక్స్ వైరు నుంచి. ఆ రెండు చోట్ల మధ్య ఉండే కొంచెం తేడా మీదుగా ఆల్టర్నేటరు, అదే మనం డైనమో అనేదాని శబ్దం ఆడియోలోకి దూరుతుంది. పరీక్ష సులభం. చార్జరు పీకెయ్యి. కీచు ఆగిపోతే అదే కారణం. ప్లేయరును ఇంట్లోనే నిండుగా చార్జి చేసుకొని వస్తే కసాపురం పోయి వచ్చేదాకా సరిపోతుంది, ఖర్చు లేని మందు అది. చార్జింగ్ తప్పనిసరి అయితే గ్రౌండ్ లూప్ ఐసోలేటరు అని చిన్న డబ్బా దొరుకుతుంది, ఆక్స్ వైరు మధ్యలో పెట్టాలి. దాంట్లో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, పాట అవతలికి దాటుతుంది కానీ ఎర్త్ కలవదు. చవకరకంలో బాస్ కొంచెం పలచబడుతుంది, మాటకూ పాటకూ ఏమీ కాదు.

డెక్కు విప్పి వెనక నుంచి ఆక్స్ వేయించమని ఎవరైనా చెప్తే ఆగు. ఆ పని తప్పని నేను అనను. కొన్ని కంపెనీ డెక్కులకు వెనకాల సీడీ చేంజరు, అంటే చాలా సీడీలను మార్చి పాడించే పెట్టె కోసం చేసిన సాకెట్టు ఉంటుంది, మోడలుకు తగ్గ అడాప్టరు దొరికితే దాంట్లో గుచ్చితే చాలు. కానీ కంపెనీ వైరింగును కోయనివ్వవద్దు. కప్లరు, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు, దాన్ని కోసి వైర్లు మెలేసి టేపు చుట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ కుర్రతనంలో అట్లా చేసినవాడినే. ఒకాయన అంబాసిడరులో వాక్‌మన్ అడాప్టరు కోసం డెక్కు కరెంటు వైరు నుంచి ఫ్యూజు లేకుండా లైను లాగినాను. వారం రోజులకు గుత్తి దగ్గర ఆ వైరు డ్యాష్‌బోర్డు రేకు అంచుకు రాసుకొని తొక్క ఊడి, లోపల పొగ వచ్చింది. బండిలో పిల్లలున్నారు. దేవుడి దయ, ఆయన వెంటనే బండి ఆపి బ్యాటరీ తీసినాడు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఫ్యూజు లేకుండా ఒక్క వైరు కూడా నేను లాగలేదు. ఫ్యూజు కూడా కరెంటు తీసుకున్న చోటికి దగ్గరగా ఉండాలి, చివర్లో ఉంటే మధ్యలో వైరును కాపాడదు.

విప్పక తప్పకపోతే, బ్యాటరీ నెగటివ్ ముందు తీయాలి. పాజిటివ్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి మెరుపు పుడుతుంది. దానికంటే ముందు డెక్కుకు కోడ్ నంబరు ఏమైనా ఉందా అని కారు పుస్తకంలో చూడు. కొన్ని డెక్కులు బ్యాటరీ తీస్తే తాళం పడి ఆ నంబరు అడుగుతాయి. స్టీరింగు కింద పసుపు రంగు కప్లర్లు ఉంటే అవి ఎయిర్ బ్యాగువి, వాటి మీద చెయ్యి వేయనివ్వవద్దు, కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు అసలే పెట్టనివ్వవద్దు. వైరు రంగు చూసి ఇది ఫలానాది అని ఊహించేవాడి చేతిలో బండి పెట్టవద్దు, మీటరు పెట్టి చూసేవాడి దగ్గరికే పో.

ఇంకొకటి, మన ఎండలు నీకు తెలుసు. మూసిన కారులో డ్యాష్‌బోర్డు మీద ఆ ప్లేయరును వదిలేస్తే లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బిపోవచ్చు. దిగినప్పుడల్లా మీ నాయన జేబులో పెట్టమను.

నువ్వు శుక్రవారం రాత్రికే అనంతపురం వచ్చెయ్యి. శనివారం తెల్లారకముందే నేను షాపు తెరుస్తాను, డెక్కు చూసి అరగంటలో తేల్చేద్దాం. రెండు గీతల వైరు కొనవద్దు, నా దగ్గర మంచిది ఉంది, పిన్నులు నేనే సోల్డరింగ్ చేసినవి. కసాపురానికి మీ వెంట నేనూ వస్తాను. ముందు సీట్లో మీ నాయనను కూర్చోబెట్టు, నేను వెనక కూర్చుంటాను. ఆ పాటల్లో ఒకదాంట్లో అమ్మ మధ్యలో ఆగి నా పేరు పెట్టి పిలుస్తుందని మీ నాయన ఎప్పుడో చెప్పినాడు. అది ఏ పాటో కనుక్కొని, దాని ముందు 01 వెయ్యి.

మీ పెదనాయన