రెండు పంపులు: ఒకదాని వెనుక ఒకటా, పక్కపక్కనా?

ప్రశ్న: పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కు వాడే కంప్యూటర్‌లో ప్రాసెసర్‌కూ, గ్రాఫిక్స్ కార్డుకూ వాటర్ కూలింగ్ పెట్టించుకున్నాను. 360 మిల్లీమీటర్ల రేడియేటర్లు రెండు, డీ5 పంపు ఒకటి ఉన్నాయి. ముహూర్తాల రోజుల్లో రాత్రంతా రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చడం) నడుస్తుంది కాబట్టి, పంపు ఆగిపోతే ఎలా అన్న భయంతో అదే రకం పంపు మరొకటి కొన్నాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి వై జాయింటుతో కలిపితే నీళ్లు రెట్టింపు పారి, వేడి సగానికి తగ్గుతుందని ఒక మిత్రుడు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కె.టి. రోడ్డు, తిరుపతి

జవాబు: మీ మిత్రుడి మాటలో మొదటి సగం మీ కంప్యూటర్‌కు వర్తించదు, రెండో సగం ఏ కంప్యూటర్‌కూ వర్తించదు. పంపులను ఒకదాని వెనుక ఒకటిగా, అంటే మొదటి పంపు వదిలిన నీరు నేరుగా రెండో పంపులోకి వెళ్లేలా కలపండి.

మన ప్రాంతంలో బోరులో మోటారు దింపించిన వారికి ఈ తేడా కొత్తేమీ కాదు. లోతు ఎక్కువైతే ఎక్కువ స్టేజీల మోటారు అడుగుతాం; అందులో ఒకదానిపై ఒకటిగా ఉన్న ఇంపెల్లర్లలో ప్రతిదీ కింది దాని నుంచి అందుకున్న నీటికి మరికొంత ఒత్తిడి చేర్చి పైకి పంపుతుంది. అలా కాక రెండు బోర్ల నీటిని ఒకే పైపులోకి వదిలితే, పైపు వెడల్పుగా ఉన్నంతవరకు నీళ్లు ఎక్కువ వస్తాయి గానీ, పైపు సన్నదైతే మోటార్లు కరెంటు కాల్చడమే తప్ప ధార పెద్దగా లావెక్కదు. మీ కంప్యూటర్‌లోని వాటర్ బ్లాకులు, అంటే చిప్పులకు ఆనుకుని వాటి వేడిని నీటికి అందించే దిమ్మెలు, ఆ సన్న పైపు కన్నా కనాకష్టం: రాగి రేకుల నడుమ అర మిల్లీమీటరు కూడా లేని సందుల్లోంచి నీరు దూరిపోవాలి. లూపు, అంటే నీరు చుట్టూ తిరిగే దారి, ఒకసారి నిండాక ఎత్తు లెక్కలోకి రాదు, ఒకవైపు ఎక్కిన నీరు మరోవైపు దిగుతూనే ఉంటుంది. పంపు బలమంతా ఈ సందుల్లోని రాపిడికే ఖర్చవుతుంది. డీ5 పంపు గంటకు 1,500 లీటర్లు తోడుతుందనీ, సుమారు 3.9 మీటర్ల ఎత్తుకు ఎత్తుతుందనీ తయారీదారులు చెప్పే అంకెలు రెండూ నిజమే, కానీ ఒకేసారి నిజం కావు. మొదటిది అడ్డేమీ లేనప్పటి లెక్క, రెండోది నీరు కదలకుండా నిలిచిపోయినప్పటి లెక్క.

వరుసగా కలిపినా ప్రవాహం రెట్టింపు కాదు. ప్రవాహం పెరిగేకొద్దీ రాపిడి దాదాపు దాని వర్గంలో పెరుగుతుంది కాబట్టి, తోసే బలం రెట్టింపైనా ప్రవాహం 40 శాతం పెరగడమే గగనం. వేడి సంగతి కూడా లెక్క వేసి చూద్దాం. మీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 450 వాట్ల వేడి వదులుతున్నాయనీ, నిమిషానికి 4 లీటర్ల నీరు తిరుగుతోందనీ అనుకుంటే, నీరు ఒక చుట్టు తిరిగేసరికి వేడెక్కేది సుమారు 1.6 డిగ్రీలు. ప్రవాహాన్ని 5.5 లీటర్లకు పెంచితే అది 1.2 డిగ్రీలవుతుంది. ఆ కాస్త తేడా కోసం మరో పంపు కొనవలసిన పని లేదు. పైగా పూర్తి వేగంతో తిరిగే ప్రతి పంపూ సుమారు 20 వాట్లు తింటుంది, అందులో చాలా భాగం నీటిలోకే వేడిగా చేరుతుంది. మే నెలలో తిరుపతి గది ఎంత కాగితే నీరు అంతకన్నా చల్లబడదు. దానికి మందు రేడియేటర్లు, ఫ్యాన్లు, గదిలో గాలి.

కాబట్టి రెండో పంపును తోడుగానే చూడండి. వరుసలో ఒకటి ఆగిపోయినా, నీరు దాని ఇంపెల్లర్ మీదుగా, కొంచెం నెమ్మదించి, పారుతూనే ఉంటుంది. పక్కపక్కన కలిపినప్పుడు మాత్రం బతికున్న పంపు తోసిన నీరు సులువైన దారి చూసుకుని చచ్చిన పంపులోంచి వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. నాన్ రిటర్న్ వాల్వులు పెట్టి దాన్ని ఆపవచ్చు గానీ, అవి మళ్లీ ప్రవాహానికి అడ్డే.

రిజర్వాయర్ (నీరు నిల్వ ఉండే చిన్న తొట్టి) మొదటి పంపుకు ముందే ఉండాలి, ఎందుకంటే ఈ పంపుల బేరింగుకు నీరే కందెన. క్షణం పొడిగా తిరిగినా అరుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) నుంచి రెండింటికీ వేర్వేరు కేబుళ్లతో కరెంటు ఇచ్చి, వేగం తెలిపే తీగలను మదర్‌బోర్డులో వేర్వేరు చోట్ల గుచ్చి, అలారం పెట్టుకోండి. ఈ చివరి మాట అనుభవంతో చెబుతున్నాను: నా యంత్రంలో రెండో పంపు ప్లగ్గు వదులై, అది రెండు నెలలు తిరగకుండానే ఉంది. నీరు పారుతూనే ఉండడంతో నాకు తెలియనే లేదు. ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే చేతికి ఒక పంపు సన్నగా అదురుతూ, మరొకటి రాయిలా తగిలింది. మీరు బిగించాక, రెండరింగ్ నడుస్తుండగా ఒక పంపు ప్లగ్గు తీసి అరగంట ఉష్ణోగ్రత గమనించండి, తర్వాత రెండో దానితోనూ అలాగే చేయండి. మామూలుగా రెండింటినీ 60 శాతం వేగంతో నడపవచ్చు. ఒకే వేగంలో జుంయ్‌మని మోత వస్తే ఒకదాన్ని కాస్త తగ్గించండి.

ప్రశ్న: లూపులో క్యాను నీళ్లు పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దండి. బోరు నీటికన్నా నయమే అయినా, శుద్ధి చేసిన తాగునీటిలోనూ కొన్ని లవణాలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నాచు, తుప్పు పట్టకుండా చేసే ద్రవం కలిపి పోయండి. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ పనికివస్తుంది గానీ, అదే అరలో యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి, లేబుల్ చదివి తీసుకోండి.