చీనీ చెట్టుకు నీళ్లు పోయకు

చిరంజీవి భారతికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పెరటి చీనీ (బత్తాయి) చెట్టు ఆకులు పసుపెక్కాయని, ఆదివారం మందు కొట్టడానికి నువ్వు పంపు కూడా తెచ్చుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చెట్టు కోసం బెంగపడే పిల్ల మన ఇంట్లో ఒకతైనా ఉందని మురిసిపోయాను. పంపు సంగతి గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు. జబ్బేదో తెలియకుండా మందేమిటమ్మా?

ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలలేదు, చివికిన పశువుల ఎరువు వెయ్యి. లేతాకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే జింకు లోపం. మన అనంతపురం సున్నపు నేలల్లో అది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, ఘాటు విరగడానికి కాస్త సున్నపుతేట కలిపి, చల్లపూట లేతాకుల మీద పిచికారీ చెయ్యి. పిట్టరెట్టలా కనిపించే పురుగులుంటే చేత్తో ఏరెయ్యి. తాకితే ఎర్రని కొమ్ములు చాపి కంపు కొడతాయి. చిన్నప్పుడు వాటిని చూసి ఎంత ఏడ్చావో!

ఈనెలే పసుపెక్కి, మిగతా ఆకు పచ్చగా ఉంటే మాత్రం పంపు ముట్టుకోకు. మాను మొదలు చూడు.

ఇప్పుడున్నది నానమ్మ నాటిన రెండో చెట్టు. మొదటిది నువ్వు పాకే వయసులో పోయింది. పోయింది అంటున్నాను గానీ, చంపింది నేనే. ఇలాగే ఈనెలు పసుపెక్కాయి, ఆకు రాలింది. ఈ ఎండల్లో పుట్టినవాడికి చెట్టు వాడితే దాహమనే తోస్తుంది. చుట్టూ గుంత తీసి, ఆ మన్ను మానుకే ఎగదోసి, పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు పోశాను. అంట్లు కడిగిన నీళ్లనూ అటే మళ్లించాను. ఆ ఏడు చెట్టు విరగకాసింది. కొమ్మలకు ఊతకర్రలు పెట్టాల్సి వచ్చింది. వీధిలో ఇంటింటికీ కాయలు పంచుతూ, అంతా నా నీళ్ల మహిమేనని చెప్పుకున్నాను. నానమ్మ మాను తడిమి, "ఇక్కడేదో బంక కారుతోందిరా" అంది. "తుమ్మకు కారదా?" అని కొట్టిపారేశాను. మరుసటి వేసవికి ఒక్క ఆకు లేదు. బెరడు గీకితే పులిసిన వాసన. తడి మన్ను ఎప్పుడూ ఆనుకునే ఉండడంతో కుళ్లు ముదిరి మాను చుట్టూ తిరిగిపోయింది. మొదలు కుళ్లిన చీనీ చెట్టు చచ్చేముందు అలాగే విరగకాస్తుందని తోటలవాళ్లు చెబితే తెలిసింది. నేను పంచినవి దాని ఆఖరి కాయలు.

అందుకే చెబుతున్నాను. మాను దగ్గర మన్ను లాగెయ్యి, అంటు కట్టిన చోటు నేలకు పైన కనబడాలి. మానుకు జానెడు దూరంలో ఒక గట్టు, కొమ్మల నీడ అంచున మరొకటి వేసి, వాటి నడుమనే నీళ్లు పెట్టాలి. బంక ఉంటే కుళ్లిన బెరడు గీకేసి బోర్డో పేస్టు పూయాలి. మైలుతుత్తం, సున్నం చెరో 100 గ్రాములు, విడివిడిగా అర లీటరు నీటిలో కలిపి, తర్వాత రెండూ కలపాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడు, ఇనుము వద్దు. అనుమానముంటే నాలుగు ఆకులు తీసుకుని రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లు.

చచ్చిన మాను కొట్టించిన రోజు నానమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. వారం తిరక్కుండా కొత్త అంటు తెప్పించి, గుంత మరోచోట తీయించి, "దీనికి నీళ్లు నేనే పోస్తాను" అంది.

శనివారం తాడిపత్రి నుంచి మొదటి బస్సుకే వస్తున్నాను. అందాకా చెట్టుకు చెంబెడు నీళ్లు కూడా పోయకు.

ఇట్లు,
మీ పెదనాన్న