కౌలు పట్టే ముందు మా మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మీ అత్త ఆశీర్వదించి రాయునది.

మళ్లీ మిర్చి వేస్తున్నావనీ, పక్క ఊళ్లో రెండెకరాలు కౌలుకు మాట్లాడుకున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. కొంత భయం, కొంత సంతోషం. నల్ల తామర పురుగు తోటను ఊడ్చేశాక ఆర్నెల్లు గడప దాటని పిల్లవాడివి. ఎవరు పలకరించినా విత్తనం వాడు ముంచాడు, మందు వాడు ముంచాడు, ఆ దేవుడూ ముంచాడు అనేవాడివి. నేను అప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ కాదనను. ఎకరానికి లక్ష దాటి పెట్టుబడి పెట్టి, కళ్లముందే పూతంతా రాలిపోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ ఆర్నెల్లలో వడ్డీ ఒక్కరోజు కూడా ఆగలేదు బిడ్డా. నువ్వు లేచావు, అది చాలు నాకు.

కౌలు మాట కాగితం మీద రాయించుకో. మట్టి పరీక్ష చేయించు. రెండెకరాలూ మిర్చే వేయకు, ఒక ఎకరం మొక్కజొన్నో కందో పెట్టు. నీలి రంగు జిగురు అట్టలు కట్టు. పక్కవాడు కొట్టాడని మందు మీద మందు కొట్టకు, మంచి పురుగులు చచ్చి తామర పురుగు ఇంకా పెరుగుతుంది. అనుమానం వస్తే వ్యవసాయ విస్తరణ అధికారిని, అదే మన ఏఈవోను అడుగు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

నీకు తెలియనిది మీ బాపు సంగతి. అప్పుడు నువ్వు ఒళ్లో పిల్లవాడివి. 1997లో పత్తి మీద పొగాకు లద్దె పురుగు పడింది. వరంగల్ జిల్లా అంతా అదే గోస. రోజు విడిచి రోజు కొట్టినా పురుగు చావలేదు. మందులో పస లేదని ఊరంతా అన్నది. ఆ ఏడు మన చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో ఏడుపులు విన్నామో! దేశంలోని పేపర్లన్నీ మన జిల్లా గురించి రాశాయి.

మీ బాపు ఏడాదంతా అరుగు మీద కూర్చుని మోసపోయానన్నాడు. మోసపోయిన మాట నిజమే. కానీ ఆఫీసర్లు వచ్చి బిల్లులు చూపించమంటే ఆయన దగ్గర తెల్ల చిట్టీలు తప్ప ఏమీ లేవు. మందులకని తెచ్చిన నలభై వేలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. ఏటా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాశాడు. మూడేళ్లకు అది లక్ష దాటింది. మీ అమ్మకు తెలియనివ్వలేదు, తోడబుట్టిన నాకూ చెప్పలేదు. అప్పులాయన వాకిట్లో నిలబడి అరిచిన రోజునే అందరికీ తెలిసింది. మొదటి ఏడే చెప్పి ఉంటే మీ అమ్మ మెడలో గొలుసుతో, ఒక పాడిబర్రెతో తేలిపోయేది. చివరికి చెరువు కింద మడి పోయింది. నా పెళ్లికి కూడా మా నాయన అమ్మని మడి అది.

మోసం చేసినవాడి తప్పు వాడిదే. అప్పు దాచింది మాత్రం మీ బాపే. చెడ్డవాడై దాచలేదు, సిగ్గుతో దాచాడు. ఎంత బాకీ ఉందని మొన్న నేను అడిగితే నువ్వు మాట మార్చావు చూడు, నాకు మా అన్నే గుర్తొచ్చాడు. ఆ రాత్రి నిద్రపోలేదు నేను. ఇంకోసారి మాట మారిస్తే మీ ఇంటికే వచ్చి కూర్చుంటా.

కోపం ఉంటే దాన్ని అర్జీగా రాయి. మన ఉమ్మడి రాష్ట్రం రైతులే, నాసిరకం విత్తనంతో నష్టపోయి వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. విత్తన సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయింది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో కోర్టు రైతుల పక్షానే తీర్పు చెప్పింది. అందుకే బిల్లు లేకుండా ఏదీ కొనకు. బిల్లు, ఖాళీ ప్యాకెట్, గుప్పెడు విత్తనాలు పంట చేతికొచ్చేదాకా దాచు. మొలక తేడా కనిపిస్తే అరుగు మీద చెప్పకముందే వ్యవసాయ అధికారికి రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకో.

నీ పేరున ఉన్న ఎకరం మీద బ్యాంకులో పంట రుణం అడుగు. ఏడు శాతం వడ్డీ, గడువులోపు కడితే నాలుగే పడుతుంది. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పై ఆరు. కోడలి సంఘంలో కూడా అప్పు పుడుతుంది, కానీ ఆమెకు అన్నీ చెప్పాకే అడుగు.

ఒక్కటి మాత్రం నా మాట కాదనకు. మందు డబ్బాలు ఇంట్లోకి తేవద్దు. పొలం కాడి గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కోడలికివ్వు. ఆ ఏడు చూసినదాన్ని, నాకు ఆ భయం పోదు. రాత్రి నిద్ర పట్టక మనసు పాడైతే ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్. నాతో చెప్పుకోలేకపోతే 14416కు చెయ్, సర్కారు పెట్టినదే, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే ఆదివారం కోడలూ నువ్వూ ఇద్దరూ రండి. నోట్లు, చిట్టీలు, బ్యాంకు పుస్తకం అన్నీ తెండి. చేబదుళ్లతో సహా ఒక్కటీ వదలొద్దు. ఏది ముందు తీర్చాలో ముగ్గురం కూర్చుని రాసుకుందాం. ఆ లెక్క తేలాకే కౌలుకు బయానా ఇవ్వు.

మీ అత్త