అటకలో బూడిద పోసే ముందు

చిరంజీవి అల్లుడికి,

మీ మామ ఆశీస్సులు. పలమనేరు దగ్గర కడుతున్న మట్టింటికి పెంకుల కింద పలకల అటక వేసి, దాని మీద బూడిద పోద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆలోచన మంచిదే. పొడి బూడిదలో గాలి చిక్కుకుని ఉంటుంది, పెంకుల వేడి తొందరగా కిందికి దిగదు. వరిపొట్టులా నిప్పంటుకునే భయమూ లేదు.

కానీ ఇప్పుడే పోయొద్దు. పెంకులు వేశాక ఒక వానాకాలం గడవనీ. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. నేను పశువుల కొట్టం పక్క గదికి ఆత్రపడి అక్టోబరులోనే పోశాను. ఒక్క పెంకు పగిలింది, అంతే. బూడిదంతా ముద్దయింది. పలకల సందుల్లోంచి డికాక్షన్ రంగు నీళ్లు గోడ పొడుగునా కారాయి. ఉత్త చేతులతో ఎత్తిపోస్తే వేళ్ల మీద చర్మం లేచిపోయింది. తడి బూడిద క్షారం మరి, మన అవ్వలు దాంతో అంట్లు తోమింది ఊరికే కాదు. అల్యూమినియం రేకునైనా తినేస్తుంది. వైర్లు ప్లాస్టిక్ పైపుల్లోంచే లాగించు.

బూడిద బెల్లం బట్టీల దగ్గర దొరుకుతుంది. కట్టెల పొయ్యి మీద వండే హోటల్‌వాళ్లనైనా అడుగు. చెత్త కాల్చిన బూడిద మాత్రం వద్దు. తెచ్చిందాన్ని గోతాల్లో పోయకు. పైన చల్లగా ఉన్నా లోపల నిప్పు రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. మూతున్న ఇనుప డ్రమ్ములో పోసి, ఇంటికి దూరంగా వారం పాటు వదిలెయ్. తర్వాత సన్న జల్లెడ పట్టి బొగ్గు ముక్కలు, మేకులు ఏరెయ్. ముక్కుకు గుడ్డ కట్టుకో.

పోసేముందు పలకల మీద బంకమట్టి, గడ్డి కలిపిన అడుసు అంగుళం మందాన పరిచి బాగా ఆరనీ. లేకపోతే అన్నం తినేటప్పుడు కంచంలో రాలుతుంది. దాని మీద నాలుగు అంగుళాల బూడిద చాలు. పదడుగుల గదికి అదే దాదాపు అర టన్ను, అడుసు బరువు వేరే. దూలాలు మోస్తాయో లేదో మేస్త్రీని కాదు, వడ్రంగిని అడుగు. ఏడాదికి కొంచెం కుంగుతుంది, మళ్లీ పైన పోసుకోవచ్చు.

సంక్రాంతికి వస్తాను. జల్లెడ నా దగ్గర ఉంది, కొనొద్దు.

మీ మామ