రైలు పాసా, విడి టికెట్లా? – పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నేను, మా వారు, పధ్నాలుగేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల బాబు కలిసి వచ్చే జూన్‌లో పదిహేను రోజుల యూరప్ యాత్రకు వెళ్తున్నాం. పారిస్‌లో దిగి, స్విట్జర్లాండ్‌లో లుసెర్న్, ఇంటర్‌లాకెన్ చూసుకుని, మిలాన్, ఫ్లోరెన్స్ మీదుగా రోమ్ చేరి అక్కడ తిరుగు విమానం ఎక్కుతాం. ఊళ్ల మధ్య ప్రయాణాలన్నీ రైల్లోనే. యూరేల్ పాస్ తీసుకుంటే ఒకేసారి డబ్బు కట్టి నిశ్చింతగా తిరగవచ్చని బంధువులు చెబుతున్నారు. ఏ టికెట్టుకా టికెట్టు ముందుగా కొనుక్కుంటేనే చవక అని మా వారు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు వెళ్లే దారినీ, పిల్లల వయసులనూ కలిపి చూస్తే మీ వారి మాటే సరైనదని నాకు అనిపిస్తోంది. ఒక్క స్విట్జర్లాండ్‌లో మాత్రం పాస్ తీసుకోవడం మేలు. అది కూడా యూరేల్ పాస్ కాకుండా, ఆ దేశానికి మాత్రమే చెల్లే స్విస్ ట్రావెల్ పాస్ అయితే మీకు ఎక్కువ ఉపయోగం.

మీ బంధువుల సలహా నిరాధారమైనదేమీ కాదు. యూరప్‌కు వెలుపల నివసించేవారి కోసం 1959లో యూరేల్ పాస్ మొదలైనప్పుడు రైలు ఛార్జీలు దూరాన్ని బట్టి స్థిరంగా ఉండేవి, చాలా రైళ్లలో ముందుగా సీటు తీసుకోవలసిన పని కూడా ఉండేది కాదు. అటువంటి రోజుల్లో నాలుగు దేశాలు తిరిగేవారికి పాస్ దాదాపు ఎప్పుడూ లాభమే. తరువాతి కాలంలో ఫ్రాన్స్, ఇటలీ వంటి దేశాల అతివేగ రైళ్లలో విమాన టికెట్ల పద్ధతి వచ్చింది. అమ్మకం మొదలైన రోజుల్లో కొన్నవారికి చాలా తక్కువకు దొరికే సీటే, ప్రయాణం రోజున కొనేవారికి దానికి రెండు మూడు రెట్లు పలుకుతుంది. అందువల్ల ఇప్పుడు మనం చూడవలసినవి రెండు. మనం వెళ్లే దేశంలో ఛార్జీ స్థిరమైనదా, మారేదా? రైల్లో సీటు రిజర్వేషన్ తప్పనిసరా, కాదా? ఛార్జీ స్థిరంగా, ఎక్కువగా ఉండి, సీటు రిజర్వేషన్ అవసరం లేని చోట పాస్ గెలుస్తుంది. ఛార్జీ మారుతూ, రిజర్వేషన్ తప్పనిసరి అయిన చోట ముందుగా కొన్న టికెట్టే గెలుస్తుంది. మీ మూడు దేశాల్లో రెండు ఈ రెండో కోవకు చెందినవి.

యూరేల్ గ్లోబల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. వరుసగా ఇన్ని రోజులు అని తీసుకునే రకం ఒకటి, నెలలో 4, 5 లేదా 7 ప్రయాణ దినాలు, రెండు నెలల్లో 10 లేదా 15 ప్రయాణ దినాలు అని తీసుకునే రకం మరొకటి. ఒక ప్రయాణ దినం అర్ధరాత్రితో మొదలై మళ్లీ అర్ధరాత్రితో ముగుస్తుంది, ఆ మధ్యలో ఎన్ని రైళ్లు ఎక్కినా ఒకటే లెక్క. కాబట్టి ఒక్కో రోజు దూర ప్రయాణాలు చేసేవారికి అది బాగా కలిసి వస్తుంది. మీ ప్రయాణాల్లో ఎక్కువ భాగం ఒకటి నుంచి మూడు గంటల లోపు ముగిసేవే.

ఇంకొక విషయం పాస్ కొనేటప్పుడు చాలామంది గమనించరు. పాస్ మీకు ప్రయాణించే హక్కు ఇస్తుంది, సీటు ఇవ్వదు. పారిస్ నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు నగరం బాజెల్ వెళ్లే టీజీవీ (ఫ్రాన్స్ అతివేగ రైలు)లోనూ, మిలాన్, ఫ్లోరెన్స్, రోమ్‌ల మధ్య తిరిగే ఇటలీ అతివేగ రైళ్లు ఫ్రెచారోస్సాలలోనూ పాస్ ఉన్నవారు కూడా విడిగా రిజర్వేషన్ రుసుము చెల్లించాలి. ఇటలీ లోపల అది మనిషికి, ప్రతి రైలుకు 10 యూరోలకు పైగా ఉంటుంది, దేశం దాటే టీజీవీలో ఇంకా ఎక్కువ. పైగా ఫ్రాన్స్ టీజీవీల్లో పాస్ ఉన్నవారికి కేటాయించే సీట్లు పరిమితం. మామూలు టికెట్లు ఇంకా అమ్ముడవుతున్న రైల్లో కూడా పాస్‌వారి కోటా అయిపోయి ఉండవచ్చు. ఎప్పుడు అనిపిస్తే అప్పుడు రైలెక్కే స్వేచ్ఛ కోసమే పాస్‌కు డబ్బు కడతాం, ఆ స్వేచ్ఛ మీ దారిలో సగానికి పైగా దొరకదు. పిల్లల సంగతి చూస్తే, 4 నుంచి 11 ఏళ్ల పిల్లలకు పెద్దలతో కలిసి యూరేల్ పాస్ ఉచితం కనుక మీ బాబుకు పాస్ ఖర్చు ఉండదు గాని రిజర్వేషన్ రుసుము తప్పదు. అమ్మాయికి పన్నెండేళ్లు దాటాయి కాబట్టి యువత పాస్ కొనవలసిందే.

లెక్క ఇలా వేసి చూడండి. పాస్ ధరను ప్రయాణ దినాలతో భాగిస్తే రోజుకు 55 యూరోలు వచ్చిందనుకుందాం. ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కు అతివేగ రైల్లో గంటన్నర ప్రయాణం, నెలన్నర రెండు నెలల ముందు చూస్తే ఆ సీటు తరచుగా 20 నుంచి 30 యూరోల మధ్య కనిపిస్తుంది. ఆ ఒక్క ప్రయాణం కోసం 55 యూరోల దినాన్ని ఖర్చు పెట్టి, దానిపైన రిజర్వేషన్ రుసుము కూడా కట్టడంలో అర్థం లేదు. మిలాన్ నుంచి ఫ్లోరెన్స్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. మీ దారిలోని ప్రతి మెట్టుకూ రైల్వేల సొంత వెబ్‌సైట్‌లో మీ తేదీకి ఉన్న ధర చూసి, ఒక కాగితం మీద వరుసగా రాసి, పక్కనే పాస్ రోజువారీ ధరనూ రిజర్వేషన్ రుసుమునూ కలిపి రాసుకోండి. ఈ పని అరగంటలో అయిపోతుంది, మీ ఇంట్లో చర్చ కూడా అక్కడితో తెమిలిపోతుంది.

స్విట్జర్లాండ్ పరిస్థితి వేరు. అక్కడ ఛార్జీలు ఎక్కువ భాగం స్థిరమైనవి, అందులోనూ ఖరీదైనవి. దేశంలోపలి రైళ్లలో సీటు రిజర్వేషన్ దాదాపు అవసరం లేదు, రైళ్లు గంటకో అరగంటకో ఒకటి చొప్పున నడుస్తూనే ఉంటాయి. ఆకాశం మబ్బు పట్టి ఉంటే కొండమీదికి వెళ్లడం రేపటికి వాయిదా వేసి, ఈ రోజు సరస్సు మీద తిరిగి రావచ్చు. వాతావరణం గంట గంటకూ మారే చోట ఈ వెసులుబాటుకు నేను చాలా విలువ ఇస్తాను. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది. రైళ్లతో పాటు బస్సులు, పడవలు, నగరాల్లోని ట్రాములు, వందలాది మ్యూజియంలు అందులోనే కలిసి ఉంటాయి. లుసెర్న్ రైల్వే స్టేషన్ ముందే ఉన్న రేవులో పడవ ఎక్కి వీట్స్‌నావ్‌లో దిగితే, రేవు పక్కనే రీగీ కొండ మీదికి వెళ్లే పళ్ల పట్టాల రైలు (పట్టాల మధ్య దంతాలున్న కమ్మీని పట్టుకుని ఏటవాలు ఎక్కే రైలు) నిలబడి ఉంటుంది. 1871లో మొదలైన ఆ రైలు యూరప్‌లో కొండ ఎక్కిన మొట్టమొదటి పళ్ల పట్టాల రైలు. పడవకూ, కొండ రైలుకూ రానుపోను ఆ ఒక్క పాస్ చాలు. అన్నిటికన్నా ముఖ్యంగా, తల్లిదండ్రుల దగ్గర ఈ పాస్ ఉంటే 6 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు స్విస్ ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు. యూరేల్‌లో డబ్బు కట్టవలసిన మీ అమ్మాయి ఇక్కడ ఉచితంగా తిరుగుతుంది. పాస్‌తో పాటే ఆ కార్డు కూడా అడిగి తీసుకోవడం మరిచిపోకండి.

అయితే 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోక్ కొండ స్టేషన్‌కు ఈ పాస్ పూర్తిగా చెల్లదు. గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్ ఊళ్ల వరకు పాస్ మీద వెళ్లి, అక్కడి నుంచి పైకి 25 శాతం తగ్గింపుతో టికెట్ కొనాలి. మీ మనసు ప్రధానంగా అటువంటి ఖరీదైన కొండ ప్రయాణాల మీదే ఉండి, మిగతా రోజులు ఒకే ఊళ్లో గడపదలిస్తే, నెల రోజులు చెల్లే స్విస్ హాఫ్ ఫేర్ కార్డు ధర కూడా చూడండి. రైళ్లు, పడవలతో పాటు ఎక్కువ కొండ రైళ్లలోనూ అది ఛార్జీని సగం చేస్తుంది.

ఇంటర్‌లాకెన్ నుంచి మిలాన్ వెళ్లేటప్పుడు స్విస్ పాస్ సరిహద్దు దాటి దొమొదొస్సొలా స్టేషన్ వరకు చెల్లుతుంది. అక్కడి నుంచి మిలాన్‌కు ఇటలీ ప్రాంతీయ రైలు ఎక్కితే ఛార్జీ స్థిరం, రిజర్వేషన్ ఉండదు. నేరుగా మిలాన్ వెళ్లే యూరోసిటీ రైలుకు మాత్రం రిజర్వేషన్ తప్పనిసరి. ఇటలీ ప్రాంతీయ రైలుకు స్టేషన్‌లో కాగితం టికెట్ కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న యంత్రంలో దాన్ని పెట్టి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేని టికెట్‌కు జరిమానా వేస్తారు.

విడి టికెట్లలో లోపమూ ఉంది. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, తప్పిపోతే సాధారణంగా డబ్బు పోయినట్టే. ఒక రైలు ఆలస్యమై, విడిగా కొన్న రెండో రైలు తప్పిపోతే మిమ్మల్ని తరువాతి రైల్లో పంపే బాధ్యత ఎవరిదన్న పేచీ వస్తుంది. మధ్యలో రైలు మారవలసిన చోట రెండు రైళ్లూ ఒకే టికెట్‌పై ఉండేలా కొనండి, విమానం దిగిన రోజున చవక టికెట్‌తో దూర ప్రయాణం పెట్టుకోకండి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం రైలు గంట నుంచి రెండు గంటల లోపు ఆలస్యమైతే టికెట్ ధరలో కనీసం 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారంగా అడగవచ్చు.

ప్రశ్న: ఉద్యోగం మారే మధ్యలో నాకు నెల రోజులు దొరికాయి. జర్మనీ, ఆస్ట్రియా, చెక్ రిపబ్లిక్, హంగేరి తిరగాలని ఉంది. ఏ ఊళ్లో ఎన్నాళ్లు ఉంటానో ముందుగా తేల్చుకోదలుచుకోలేదు. వయసు 27, ఆగస్టులో 28 నిండుతాయి. పాస్ తీసుకోనా?
– ఒక యువ పాఠకుడు

జవాబు: తీసుకోండి. పాస్ సరిగ్గా మీలాంటి ప్రయాణికుడి కోసం ఉన్నదే. జర్మనీలోని ఐసీఈ, ఆస్ట్రియాలోని రైల్‌జెట్ వంటి దూర రైళ్లలో ఆ దేశాల లోపల సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు కనుక, ఉదయం లేచాక ఎటు వెళ్లాలో నిర్ణయించుకుని నేరుగా స్టేషన్‌కు నడవవచ్చు. అదే స్వేచ్ఛతో విడి టికెట్లు అప్పటికప్పుడు కొంటే కొన్ని దూర ప్రయాణాలకే పాస్ ధర దాటిపోవచ్చు. ఐసీఈలో సీటు పైన లేదా పక్కన ఉన్న చిన్న తెర మీద ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ వరకు ఆ సీటు రిజర్వ్ అయిందో చూపిస్తారు, ఏమీ లేని సీట్లో నిశ్చింతగా కూర్చోండి. శుక్రవారం, ఆదివారం సాయంత్రాలు మాత్రం రద్దీ విపరీతం, ఆ రోజుల్లో కొద్దిపాటి రుసుము కట్టి సీటు తీసుకోవడం మంచిది.

వయసు విషయంలో జాగ్రత్త అవసరం. పాస్ మొదలయ్యే రోజున 27 లేదా అంతకు తక్కువ ఉంటే యువత ధర వర్తిస్తుంది, కాబట్టి పుట్టినరోజుకు ముందే పాస్ మొదలుపెట్టండి. కొన్న తరువాత 11 నెలల లోపు ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు గాని, మొదలుపెట్టిన పాస్‌కు డబ్బు వాపసు రాదు. ఫోన్‌లోని యాప్‌లో ఆ రోజు ఎక్కబోయే రైలును చేర్చి, ఎక్కే ముందే దాన్ని పాస్‌కు జత చేయాలి. తనిఖీ అధికారి కనిపించాక చేస్తే టికెట్ లేని ప్రయాణం కింద లెక్క కట్టవచ్చు. రాత్రి రైలుకు బయలుదేరిన రోజు ఒక్కటే ప్రయాణ దినంగా లెక్కిస్తారు, మరునాడు ఇంకో రైలు ఎక్కకపోతే రెండో దినం ఖర్చు కాదు. అయితే పడక కోసం విడిగా, కాస్త ఎక్కువగానే చెల్లించాలి.

మీ మనసు మారి నెలంతా జర్మనీలోనే గడపదలిస్తే డాయిచ్‌లాండ్ టికెట్ చూడండి. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2026 జనవరి నుంచి 63 యూరోలైన ఈ నెలవారీ టికెట్ దేశమంతటా ప్రాంతీయ రైళ్లకూ, నగర రవాణాకూ చెల్లుతుంది. ఐసీఈ వంటి దూర రైళ్లకు చెల్లదు. ఇది చందా పద్ధతిలో నడుస్తుంది కనుక తరువాతి నెల వద్దనుకుంటే ఈ నెల 10వ తేదీ లోపే రద్దు చేయాలి.

ప్రశ్న: మేమిద్దరం పదవీ విరమణ చేసిన దంపతులం. జపాన్‌లో టోక్యో, క్యోటో, హిరోషిమా చూసి తిరిగి టోక్యో చేరాలి. జపాన్ వెళ్లేవారు రైల్ పాస్ తీసుకోకుండా వెళ్లకూడదని చాలాకాలంగా వింటున్నాం. అది ఇప్పటికీ నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: 2023 అక్టోబరు దాకా నిజమే. అప్పటివరకు 29,650 యెన్‌లు ఉన్న ఏడు రోజుల సాధారణ పాస్ ఆ నెలలో ఒక్కసారిగా 50,000 యెన్‌లకు చేరింది. విడి టికెట్లయితే, టోక్యో నుంచి క్యోటోకు సీటుతో సహా సుమారు 14,000 యెన్‌లు, క్యోటో నుంచి హిరోషిమాకు 11,000కు కొంచెం పైన, హిరోషిమా నుంచి టోక్యోకు 20,000కు కాస్త తక్కువ. అన్నీ కలిపినా 46,000 దాటదు. పైగా అత్యంత వేగంగా వెళ్లే నొజోమి రైళ్లు పాస్‌లో కలిసి ఉండవు, వాటికి అదనపు టికెట్ కొనాలి. విడి టికెట్లతో అయితే ఆ రైళ్లలోనే హాయిగా వెళ్లవచ్చు. కాబట్టి మీరు దేశమంతటికీ చెల్లే పాస్ తీసుకోనవసరం లేదు.

క్యోటోలో కొన్నాళ్లు ఉండి, హిరోషిమా వెళ్లి మళ్లీ క్యోటోకే తిరిగి రావాలనుకుంటే మాత్రం ఐదు రోజుల కన్సాయ్–హిరోషిమా ప్రాంతీయ పాస్ ధరను విడి టికెట్లతో పోల్చి చూడండి. ఒసాకా నగరంలోని షిన్-ఒసాకా స్టేషన్ నుంచి హిరోషిమా వరకు నొజోమితో సహా షింకన్‌సెన్ (అతివేగ) రైళ్లన్నిటికీ అది చెల్లుతుంది, మియాజిమా దీవికి వెళ్లే జేఆర్ (జపాన్ రైల్వేస్) పడవ కూడా అందులోనే ఉంటుంది. క్యోటో నుంచి షిన్-ఒసాకా వరకు షింకన్‌సెన్‌కు చెల్లదు కనుక ఆ కాస్త దూరం మామూలు జేఆర్ రైల్లో వెళ్లి అక్కడ మారాలి. అరగంట లోపు ప్రయాణమే అయినా, సామానుతో రైలు మారడం ఇబ్బంది అనుకుంటే ఆ కొద్దిపాటి ఆదా కోసం పాకులాడవద్దని నా సలహా. సామాను మాట వచ్చింది కాబట్టి మరొకటి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే, టోక్యో–క్యోటో–హిరోషిమా మార్గంలోని షింకన్‌సెన్ రైళ్లలో పెట్టెకు చోటున్న వెనుక వరుస సీట్లను ముందుగా రిజర్వ్ చేసుకోవాలి. దానికి అదనపు రుసుము లేదు, టికెట్ కొనేటప్పుడే అడిగితే సరిపోతుంది.