సోలో అందుకోగానే చెయ్యి పట్టేస్తోంది.. డబుల్ బాస్ వాయించడం మానెయ్యాలా?

ప్రశ్న: నా వయసు 29. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా ఒక జాజ్ బ్యాండ్‌లో డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం) వాయిస్తున్నాను. నిదానంగా సాగే పాటలతో ఏ ఇబ్బందీ లేదు. 260 టెంపోలో (నిమిషానికి 260 దెబ్బల వేగం) సోలో మొదలుపెడితే మాత్రం రెండో కోరస్‌కే (పాట వరస రెండో చుట్టుకే) కుడి ముంజేయి రాయిలా బిగుసుకుపోతోంది. ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి మర్నాటి దాకా ఉంటోంది. తిమ్మిర్లు లేవు. వాయించే ముందు నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. ఇది నరాల జబ్బా? బాస్ మానెయ్యాలా? నేను వాయించిన వీడియో పంపుతున్నాను.
- ఒక పాఠకుడు

సమాధానం: మానెయ్యక్కర్లేదు. మీరు చెప్పిన లక్షణాలు నరాల జబ్బులా లేవు, కండరాలు అలిసిపోతున్నట్టున్నాయి. ఆ మాత్ర మాత్రం ఈరోజే ఆపండి. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో చేతికి తెలియదు.

మీ వీడియో మూడుసార్లు చూశాను. వాకింగ్ లైన్ (దెబ్బకో స్వరం చొప్పున మిగతావాళ్లకు తోడుగా వాయించేది) వాయిస్తున్నంతసేపూ చెయ్యి హాయిగా ఊగుతోంది. సోలో మీ వంతుకు రాగానే కుడి భుజం చెవి దగ్గరికి లేచింది, దవడ బిగిసింది. ఎనిమిది బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బలు) పాటు మీరు ఊపిరే తీసుకోలేదు! 260 టెంపోలో ఎయిత్ నోట్స్ (దెబ్బకు రెండు స్వరాలు) అంటే సెకనుకు దాదాపు 9 స్వరాలు. పైగా తర్వాత ఏం వాయించాలో అప్పటికప్పుడు తోచాలి. ఆ టెన్షన్‌లో వేళ్లను ముడిచే కండరాలూ చాపే కండరాలూ ఒకేసారి బిగుసుకుంటాయి. అలా పట్టేసిన కండరానికి రక్తం సరిగా అందదు. 32 బార్ల కోరస్ అర నిమిషంలో అయిపోతుంది కాబట్టి, నిమిషం తిరక్కుండానే చెయ్యి మొరాయిస్తోంది.

ఎడమ చేతిది వేరే సంగతి. తీగ నొక్కడానికి మీరు బొటనవేలితో వెనక నుంచి గట్టిగా పట్టుకుంటున్నారు. వేళ్ల కొనల్లో కిలో బలం పెడితే బొటనవేలి మొదట్లోని కీలు మీద దాదాపు 12 కిలోల భారం పడుతుంది. బొటనవేలు పూర్తిగా తీసేసి, చేతి బరువుతోనే తీగ నొక్కి ఒక స్కేలు నెమ్మదిగా వాయించి చూడండి. అసలు ఎంత బలం సరిపోతుందో మీకే తెలుస్తుంది. తీగలు మరీ ఎత్తుగా ఉంటే వాద్యాలు బాగుచేసేవాళ్ల చేత దింపించుకోండి.

కుడి చేతి భారాన్ని వేళ్లకు పంచండి. పాతతరం బాసిస్టులు చాలామంది చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాళ్లు. స్కాట్ లాఫారో రెండు వేళ్లు మార్చి మార్చి మీటారు. డెన్మార్క్ బాసిస్టు నీల్స్-హెన్నింగ్ ఓర్‌స్టెడ్ పెడర్సన్ అయితే మూడు వేళ్లు వాడారు. అన్నిటికన్నా ముఖ్యంగా, వాయించే స్వరాలను సన్నగా పాడుతూ వాయించండి. బాసిస్టు స్లామ్ స్టూవర్ట్ కమానుతో సోలో వాయిస్తూ దాంతోపాటే పాడేవారు. పాడితే ఊపిరి బిగపట్టడం కుదరదు. ఊపిరి అయిపోయిన చోట మాట ఆగినట్టే సోలో కూడా ఆగుతుంది, చేతికి విరామం దొరుకుతుంది.

రెండు వారాలు వేగం సోలోలు వద్దు. పదేసి నిమిషాలు నిదానంగా వాయించి, మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. రోజంతా కీబోర్డు మీద పనిచేసేదీ ఈ చేతులే, ఆ శ్రమనూ లెక్కలో వేసుకోండి. తర్వాత 160 దగ్గర మొదలుపెట్టి, మర్నాడు పొద్దున నొప్పి లేకపోతేనే ఐదో పదో పెంచండి. అప్పటికీ బొటనవేలి నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి.

రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతున్నా, ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారుతున్నా నరం నొక్కుకుపోతోందేమో పరీక్ష చేయించాలి. నొప్పేమీ లేకుండా, బాస్ పట్టుకున్నప్పుడే ఒక వేలు తనంతట తాను ముడుచుకుపోతుంటే అది ఫోకల్ డిస్టోనియా (మెదడు నుంచి కండరాలకు వెళ్లే ఆదేశాలు గాడి తప్పే జబ్బు) కావచ్చు. వీణ, వయొలిన్ వాయించేవాళ్లకూ వస్తుంది. సాధన చాల్లేదనుకుని ఇంకా గట్టిగా వాయిస్తే అది ముదురుతుంది. వెంటనే న్యూరాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు ఈ వీడియో కూడా తీసుకెళ్లండి. చెయ్యి ఊరికే చాపి చూపిస్తే డాక్టరుకు ఏమీ కనిపించదు.