పాత ఎమ్‌జీబీ దీపాల వైరింగ్ గురించి మా తమ్ముడి కొడుక్కి

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు కొన్న 1966 నాటి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, అదే ఆ పైకప్పు తెరిచే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, దాని ఫొటోలు చూశాను. కుడి ఇండికేటర్ వేస్తే ముందున్న పార్కింగ్ దీపం కూడా దానితోపాటు సన్నగా మిణుకుమంటోందనీ, ఎడమవైపు ముందూ వెనకా ఏదీ వెలగడం లేదనీ, అందుకని వైరింగ్ మొత్తం పీకేసి కొత్త హార్నెస్ (తీగల కట్ట) వేయదలచుకున్నావనీ రాశావు. ఆ పని ఒక వారం వాయిదా వేసుకో. ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఈ కార్లలో కొన్నింటికి నేను వైరింగ్ పని చేశాను. తీగలు నిజంగా చెడిపోయిన సందర్భాలు తక్కువ. దీపం దాకా వెళ్ళిన కరెంటు మళ్ళీ బ్యాటరీకి చేరే దారి మూసుకుపోయిన సందర్భాలే ఎక్కువ.

ముందు బ్యాటరీ సంగతి. సీట్ల వెనక మూత కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలు వరుసగా (సిరీస్‌లో) కలిపి ఉంటాయి, మొత్తం 12 వోల్టులు. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది కారు బాడీ రేకు గుండానే, దాన్నే ఎర్త్ అంటాం. నీ కారు నాటికి ఎమ్‌జీబీలు ఇంకా పాజిటివ్ ఎర్త్‌తోనే వచ్చేవి, అంటే బాడీకి బిగించినది ప్లస్ తీగ. మధ్యలో ఎవరైనా దాన్ని నెగటివ్‌కు మార్చి ఉండవచ్చు కనుక కళ్ళతో చూసి నిర్ధారించుకో. ఏది బాడీకి బిగించి ఉందో ఆ తీగనే ముందు విప్పాలి. తొలిసారి నేను అలవాటు కొద్దీ మైనస్ నట్టు మీద స్పానర్ పెట్టాను. దాని రెండో కొస బాడీ రేకుకు తగిలి, నిప్పురవ్వలు లేచి, స్పానర్ అంచున గోరంత ఇనుము కరిగిపోయింది. ఆ స్పానర్ ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది.

ఇక కుడివైపు మిణుకు విషయం. ఇండికేటర్‌కూ పార్కింగ్ దీపానికీ ఎర్త్ తీగ ఒకటే, అది నల్లది. ఆ తీగ కొసన తుప్పు పట్టి దారి మూసుకుపోతే, బోదెకు అడ్డుకట్ట పడినప్పుడు నీరు పక్క మడిలోకి మళ్ళినట్టు, 21 వాట్ల ఇండికేటర్ ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు పక్కనున్న 5 వాట్ల పార్కింగ్ ఫిలమెంటులోకి మళ్ళి, అక్కడి నుంచి ఎర్ర తీగ వెంట మిగిలిన పార్కింగ్ దీపాల దాకా వెళ్ళి, వాటి ఎర్త్ ద్వారా బయటపడుతుంది. నువ్వు చూసిన సన్నని వెలుగు అదే. దీపం వేసి ఉంచి, మల్టీమీటర్ ఒక మొన బల్బు హోల్డర్ బయటి రేకుకూ, రెండో మొన బ్యాటరీ ఎర్త్ కొసకూ పెట్టి చూడు. 0.2 వోల్టు లోపు ఉంటే దారి బాగున్నట్టే. అర వోల్టు దాటితే ఆ నల్ల తీగ చివరిదాకా వెళ్ళి, స్క్రూ విప్పి, రేకు తెల్లగా మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగించి, పైన పల్చగా గ్రీజు రాయి.

ఈ కారులో తీగలను కలిపేవి బుల్లెట్ కనెక్టర్లు, అంటే ఇత్తడి మొనలు, వాటిని పట్టుకునే గొట్టం, పైన నల్ల రబ్బరు తొడుగు. ముందు దీపాలవి గ్రిల్లు వెనక, వెనక దీపాలవి డిక్కీలో దొరుకుతాయి. తొడుగు జరిపితే మొన మీద పచ్చని చిలుము కనిపిస్తుంది. ఇంట్లో చెంబులు తోమినట్టు చింతపండు గానీ వెనిగర్ గానీ వాడకు. ఆ పులుపు తీగ పోగుల మధ్యకు దిగితే చిలుము మళ్ళీ త్వరగానే వస్తుంది. సన్నని ఎమరీ కాగితం చాలు. గొట్టం వదులైతే మాత్రం దాన్ని సరిచేయాలని చూడక కొత్తది వెయ్యి, దాని ఖరీదు చాలా తక్కువ.

ఎడమవైపు సంగతి కొంచెం ఆలోచిస్తే కారు దగ్గరకు వెళ్ళకముందే సగం తేలిపోతుంది. కుడివైపు మిణుకుతోంది కనుక ఫ్యూజు, ఫ్లాషర్ (ఇండికేటర్లను ఆగి ఆగి వెలిగించే పరికరం), వాటి నుంచి స్విచ్‌కు వచ్చే లేత ఆకుపచ్చ మీద గోధుమరంగు చార ఉన్న తీగ, మూడూ బాగున్నట్టే. ముందూ వెనకా రెండూ ఒకేసారి పోయాయి కనుక లోపం అవి విడిపోయే చోటికి ఇవతలే, అంటే స్టీరింగ్ కాలమ్ స్విచ్‌లోనో, దాని పక్క కనెక్టర్‌లోనో ఉండాలి. ఎడమకు వెళ్ళేది ఆకుపచ్చ మీద ఎర్ర చార, కుడికి వెళ్ళేది ఆకుపచ్చ మీద తెల్ల చార. డ్యాష్‌బోర్డు కింద ఆ కనెక్టర్ దగ్గర, లేత ఆకుపచ్చ-గోధుమ తీగనూ ఆకుపచ్చ-ఎర్ర తీగనూ ఒక చిన్న తీగముక్కతో కలుపు. దీపాలు మిణికితే దోషి స్విచ్. దాని మీది కవరు విప్పి కాంటాక్టులు శుభ్రం చెయ్యి. మిణకకపోతే దీపాల వైపు ఒక్కొక్క కనెక్టరూ చూసుకుంటూ వెళ్ళు.

నిజంగానే పెళుసుబారిన తీగ కనబడితే అంతవరకే మార్చు, కానీ అదే రంగు, అదే చార ఉన్న తీగతోనే మార్చు. చేతికి దొరికిన పసుపు తీగతో పని కానిచ్చిన పాత యజమాని మూలంగా నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. ఈ దీపాలకు 1 చదరపు మిల్లీమీటరు తీగ సరిపోతుంది. ఒక వైపు రెండు 21 వాట్ల బల్బులు కలిసి తీసుకునేది మూడున్నర ఆంపియర్లే. తీగను కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు అసలు వాడవద్దు. బుల్లెట్ మొనకు టంకం వేస్తే పొదుపుగా వెయ్యి, ఎందుకంటే అది తీగలోకి పాకి గట్టిపడిన చోటే తర్వాత అదురుకు విరుగుతుంది.

నీ కారు నాటి పద్ధతిలో ఇండికేటర్లకు ఫ్యూజు ఉంది, పార్కింగ్ దీపాలకు లేదు. ఇది మాత్రం నేను ఒప్పుకోలేను. అసలు కారును ఉన్నదున్నట్టే ఉంచాలనే వాళ్ళు ఏమన్నా సరే, లైట్ల స్విచ్ నుంచి బయలుదేరే ఎర్ర తీగలో 7.5 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి చేర్చు. మీటర్ల వెలుగుతో కలిపినా ఆ సర్క్యూట్ 3, 4 ఆంపియర్లు దాటదు.

ఎల్ఈడీ బల్బులు వేయనా అని అడిగావు. ఫిలమెంటు బల్బుకు ప్లస్, మైనస్ తేడా లేదు, ఎల్ఈడీకి ఉంది. పాజిటివ్ ఎర్త్ కారు కోసమే చేసినవి కాకపోతే అవి వెలగకపోవచ్చు. పైగా పాత ఫ్లాషర్ బల్బులు లాగే కరెంటుకు వేడెక్కి ఆగుతూ వెలిగే రకం. ఎల్ఈడీ తీసుకునే కొద్దిపాటి కరెంటుకు అది మిణకదు. ప్రస్తుతానికి పాత బల్బులే ఉంచు.

అంతా అయ్యాక చీకటి పడనిచ్చి హెడ్‌లైట్లు వేసి, బ్రేకు తొక్కి ఉంచి, ఒక్కొక్క ఇండికేటర్ వేసి నిమిషానికి ఎన్నిసార్లు మిణుకుతుందో లెక్కపెట్టు. 60కీ 120కీ మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే ఫ్లాషర్‌ను తిట్టి కొత్తది కొనకు. ముందు ఫ్యూజు పట్టుకునే ఇత్తడి క్లిప్పులు విప్పి చూసి, అక్కడ నల్లబడి ఉందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న